117 కాంపొనెంట్లు ఉన్నా మధ్యాహ్నం కాల్స్ తెగుతున్నాయి: క్యూఓఎస్ పాలసీని ఎలా విడగొట్టాలి?

వాహిని

నమస్కారం. 38 శాఖల నెట్‌వర్కు బాధ్యత నాలుగు నెలల క్రితం నా చేతికి వచ్చింది. ప్రతి శాఖలో ఒక రూటరు, అక్కడి నుంచి ప్రధాన కార్యాలయానికి ఒక వ్యాన్ (దూరంలో ఉన్న కార్యాలయాలను కలిపే నెట్‌వర్కు) లింకు ఉన్నాయి. ఎక్కువ శాఖల లింకులు 20 ఎంబీపీఎస్, కొన్ని 10, రెండు మాత్రం 50. రూటరు పోర్టు అన్నిచోట్లా గిగాబిట్ ఈథర్‌నెట్టే. క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు వెళ్లాలో తేల్చే అమరిక) మొత్తం ఒక నిర్వహణ సాఫ్ట్‌వేర్ నుంచి నడుస్తుంది. ట్రాఫిక్ క్లాసులు, చర్యలు, వాటిని కలిపే పాలసీలు అందులో కాంపొనెంట్లుగా నిర్వచించి, పాలసీని ఇంటర్‌ఫేసులకు పంపుతాం.

నాకంటే ముందు చూసినవారు ప్రతి శాఖకూ విడిగా ఒక వాయిస్ క్లాసు, ఒక చర్య, ఒక పాలసీ తయారుచేశారు. శాఖకు మూడు చొప్పున 114, ఉమ్మడివి మరో మూడు, మొత్తం 117. గత నెల వాయిస్ గేట్‌వే చిరునామా మారింది. 38 క్లాసులనూ ఒక్కొక్కటిగా తెరిచి మార్చాను. ఆరింటిని మార్చలేదని తొమ్మిది రోజుల తర్వాత తెలిసింది. ఆ తొమ్మిది రోజులూ ఆ ఆరు శాఖలవారు తెగిపోయే మాటలతోనే పని నెట్టుకొచ్చారు. నాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఫోన్లు ఇంతేలే అనుకున్నారట. ఆ మాట విన్నాక ఇదంతా పునాది నుంచి సరిచేయాలని నిర్ణయించుకున్నాను.

అన్ని శాఖలకూ ఒకే వాయిస్ క్లాసు నిర్వచించాను. అందులో రెండు షరతులు: డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద దాని ప్రాధాన్యాన్ని తెలిపే ముద్ర) విలువ 46 కావాలి, యూడీపీ పోర్టు (ప్యాకెట్ ఏ అప్లికేషన్‌దో తెలిపే సంఖ్య) 16384 నుంచి 32767 లోపు ఉండాలి. రెండూ నిజమైతేనే ప్యాకెట్ ఆ క్లాసుకు చెందుతుంది. పాలసీలో వాయిస్‌కు కచ్చితమైన ప్రాధాన్యంతో 6 ఎంబీపీఎస్, వీడియోకు 30 శాతం, వ్యాపార అప్లికేషన్లకు 25 శాతం ఇచ్చి, మిగతాది డిఫాల్ట్‌కు వదిలాను. ప్రయోగంగా ఐదు శాఖలకు పంపాను.

మధ్యాహ్నం రెండు గంటలకు బ్యాకప్ మొదలుకాగానే ఆ ఐదు శాఖల్లోనూ మాటలు తెగుతున్నాయి, మునుపటిలాగే. సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నింటికీ పచ్చరంగు చూపిస్తోంది. లింకు వినియోగం ఎప్పుడూ 2 శాతం దాటలేదు. కాంపొనెంట్లను ఏ స్థాయిలో విడగొట్టాలి? నా పాలసీ ఎందుకు పనిచేయడం లేదు? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సేతువు

వాహిని గారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు మీరు రాసిన వివరాల్లోనే ఉంది. వినియోగం 2 శాతం దాటలేదన్నారు. వెయ్యి ఎంబీపీఎస్‌లో 2 శాతం అంటే 20. అంటే మీ లింకు నిండిపోయింది. ఆ సంగతి మీ రూటరుకు తెలియదు, సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు.

పోర్టు నుంచి బయటికి పంపలేనంతగా ప్యాకెట్లు వచ్చినప్పుడే క్యూ ఏర్పడుతుంది. మీ పోర్టు వేగం గిగాబిట్. దాని దృష్టిలో రద్దీ అన్నది ఎన్నడూ రాదు కాబట్టి, వచ్చిన ప్యాకెట్‌ను వచ్చినట్టే పంపేస్తుంది. ప్రాధాన్యాలు, శాతాలు అన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. 20 ఎంబీపీఎస్ హద్దు ఉన్నది సర్వీసు ఇచ్చేవారి పరికరంలో. వారి ఒప్పందంలో క్లాసులు లేకపోతే ఆ పరికరం హద్దు దాటిన ప్యాకెట్లను గుణం చూడకుండా పడేస్తుంది. అందులో మీ బ్యాకప్ ప్యాకెట్లూ ఉంటాయి, వాయిస్ ప్యాకెట్లూ ఉంటాయి.

ఇంకో సంగతి. వీడియోకు 30 శాతం అన్నారు. దేనిలో 30 శాతం? ఇప్పుడున్న అమరికలో అది గిగాబిట్‌లో 30 శాతం, అంటే 300 ఎంబీపీఎస్. ఇరవై వచ్చే లింకు మీద మూడు వందలకు హామీ ఇచ్చారు.

ఇది నా ఊహగా మిగలకూడదు. రేపు రెండు గంటలకు, బ్యాకప్ నడుస్తుండగా, ఐదు శాఖల్లోనూ పది నిమిషాల లెక్క తీయండి. ఏ క్లాసుకు ఎన్ని ప్యాకెట్లు తగిలాయి, ఎన్ని పడిపోయాయి అన్నవి చాలు. సాఫ్ట్‌వేర్‌లోని గ్రాఫులు వద్దు, రూటరులోకి వెళ్లి పాలసీ లెక్కలు నేరుగా చూడండి.

వాహిని

చూశాను సేతువు గారూ. ఐదు శాఖల్లోనూ అన్ని క్లాసుల్లోనూ పడిపోయిన ప్యాకెట్లు సున్నా. కాల్స్ తెగుతున్న ఆ పది నిమిషాల్లోనే, సున్నా! మీరు చెప్పకపోయి ఉంటే ఆ సున్నాను చూసి అంతా బాగుందనే అనుకునేదాన్ని.

నాకు అర్థంకానిది మరొకటి ఉంది. రెండు శాఖల్లో వాయిస్ క్లాసుకు ప్యాకెట్లు తగులుతున్నాయి. ఒకదాని లెక్క 2,10,000. మిగతా మూడు శాఖల్లో వాయిస్ క్లాసుకు తగిలిన ప్యాకెట్లు కూడా సున్నాయే. ఆ మూడు శాఖల ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్‌లో వెళ్తుంది. మిగతా రెండింటికి టన్నెల్ లేదు.

తరంగం

ఆ మూడు శాఖల సున్నాకు కారణం నేను చెబుతాను, ఇదే పొరపాటుతో నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఐపీసెక్ (ప్యాకెట్లను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) టన్నెల్‌లోకి వెళ్లాక అసలు ప్యాకెట్ పోర్టు నంబర్లు లోపల మూతపడతాయి. బయటి హెడర్ (చిరునామా వివరాలు ఉండే ముందు భాగం) మాత్రమే కనిపిస్తుంది. డీఎస్‌సీపీ విలువ మామూలుగా బయటి హెడర్‌కు నకలవుతుంది కాబట్టి 46 కనిపిస్తుంది, పోర్టు కనిపించదు. మీ క్లాసులో రెండు షరతులూ నిజం కావాలని పెట్టారు. రెండోది అక్కడ ఎన్నటికీ నిజం కాదు. ఎన్‌క్రిప్ట్ చేయకముందే వర్గీకరించే సదుపాయం కొన్ని రూటర్లలో ఉంది, కానీ దానికన్నా మంచి మార్గం పోర్టు షరతును వ్యాన్ వైపు నుంచి తీసేయడమే.

ఇక 2,10,000 లెక్క. 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ అయితే ఒక కాల్ ఒక దిశలో సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. పది నిమిషాలకు 30,000. మీ లెక్కను దానితో భాగిస్తే ఏడు కాల్స్. ఆ సమయంలో ఆ శాఖలో నిజంగా నడిచిన కాల్స్ ఎన్నో ఫోన్ సర్వరు లాగ్‌లో చూడండి.

వాహిని

పదకొండు! లాగ్ రెండుసార్లు చూశాను. నలుగురు ల్యాప్‌టాప్‌లోని ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడారు.

తరంగం

ఆ నలుగురివే తప్పిపోయాయి. బల్ల మీది ఫోన్లు ప్యాకెట్‌కు తామే 46 ముద్ర వేసి పంపుతాయి. ల్యాప్‌టాప్ నుంచి వచ్చేవి చాలావరకు 0తో వస్తాయి, లేదా ఫోన్ సాఫ్ట్‌వేర్ ముద్ర వేసినా స్విచ్చి నమ్మకుండా చెరిపేస్తుంది. అవి డిఫాల్ట్ క్లాసులో బ్యాకప్ పక్కన కూర్చుంటాయి.

అందుకే నేను రెండు వేర్వేరు క్లాసులు పెడతాను. ఒకటి శాఖ లోపలి వైపు, ప్యాకెట్ మొదట అడుగుపెట్టే చోట. అక్కడ చిరునామా, పోర్టు, అప్లికేషన్ అన్నీ చూసి ముద్ర వేయాలి. షరతుల్లో ఏ ఒక్కటి నిజమైనా చాలు అన్న రకం క్లాసు అక్కడికి సరిపోతుంది, కానీ 16384 నుంచి 32767 అన్న విశాలమైన పరిధిని ఒంటరి షరతుగా ఎన్నడూ పెట్టకండి. ఆ పరిధిలో వాయిస్‌తో సంబంధంలేని యూడీపీ కూడా దూరుతుంది. పోర్టుతో పాటు ఫోన్ల సబ్‌నెట్ (వాటికి కేటాయించిన చిరునామాల గుంపు), లేదా ల్యాప్‌టాప్‌లోని ఆ అప్లికేషనే అని తేల్చే షరతు ఉండాలి. రెండో క్లాసు వ్యాన్ వైపు. అక్కడ డీఎస్‌సీపీ ఒక్కటే చూడాలి.

సాఫ్ట్‌వేర్‌లో విలువ నింపే గడి పేరు ఏమిటో కూడా ఒకసారి చూసుకోండి. డీఎస్‌సీపీ ఆరు బిట్లు, దాని విలువ 46. పాత టీఓఎస్ బైటు మొత్తం ఎనిమిది బిట్లు, అందులో అదే ముద్ర విలువ 184. టీఓఎస్ అని రాసి ఉన్న గడిలో 46 నింపితే ప్యాకెట్ మీద పడేది డీఎస్‌సీపీ 11. ఆ తప్పును ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు, ఎందుకంటే 11 కూడా చెల్లే విలువే.

సేతువు

తరంగం గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం నిదానంగా రాస్తాను.

కాంపొనెంట్ పేరులో శాఖ పేరు వచ్చిందంటే అది పుట్టకూడని చోట పుట్టినట్టే. క్లాసు అనేది 'ఇది ఏమిటి' అన్న ప్రశ్నకు జవాబు. వాయిస్ ఏ శాఖలోనైనా వాయిసే. చర్య అనేది 'దీన్ని ఏం చేయాలి' అన్న ప్రశ్నకు జవాబు. 'ఎక్కడ' అన్నది మూడో ప్రశ్న. దాన్ని మొదటి రెండింటిలో కలిపితే కాంపొనెంట్లు శాఖల సంఖ్యతో గుణించుకుంటూ పోతాయి. మీ 114 అలా పుట్టినవే.

'ఎక్కడ' అన్నదానికి జవాబుగా పరికరం పేరు రాయకూడదు, పాత్ర రాయాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2001లో వెలువరించిన ఆర్ఎఫ్‌సీ 3060 అనే పత్రంలోని పాలసీ నమూనాలో ఈ ఆలోచన స్పష్టంగా ఉంది: నియమం అంటే షరతులు, చర్యలు, వాటిని ఒకే నియమానికి కట్టేయవచ్చు, లేదా పలు నియమాలు వాడుకునేలా విడిగా దాచవచ్చు, ఏ ఇంటర్‌ఫేసుకు వర్తిస్తుందో పాత్రతో తేల్చవచ్చు. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని గుంపు అనవచ్చు, ట్యాగు అనవచ్చు. మీకు కావలసిన పాత్రలు రెండే: 'శాఖ లోపలి వైపు', 'శాఖ వ్యాన్ వైపు'. కొత్త శాఖ వస్తే రెండు ఇంటర్‌ఫేసులకు రెండు ట్యాగులు తగిలిస్తే పని అయిపోవాలి.

మరి లింకు వేగం? అక్కడే చాలామంది తడబడతారు. 10, 20, 50కి మూడు పాలసీలు చేస్తారు, ఆ తర్వాత ఎవరో 30 తీసుకుంటారు, నాలుగోది పుడుతుంది. వేగం పాలసీ గుణం కాదు, ఆ చోటు గుణం. శాఖల పట్టికలో ఒక నిలువు గడిగా ఉండాలి, పాలసీలో దాని స్థానంలో ఒక చరరాశి ఉండాలి. పంపే సమయంలో సాఫ్ట్‌వేర్ ఆ అంకెను నింపాలి.

వ్యాన్ పాలసీ రెండు అంతస్తులుగా కట్టండి. పై అంతస్తులో ఒకటే క్లాసు, డిఫాల్ట్. దాని చర్య షేపింగ్ (పంపే వేగాన్ని ఒక హద్దులో ఉంచడం), ఒప్పంద వేగంలో 95 శాతానికి. ఆ ఐదు శాతం ఎందుకంటే మీ రూటరు లెక్కించని ఫ్రేము (ప్యాకెట్ చుట్టూ ఈథర్‌నెట్ చేర్చే పొర) బరువును అవతలివారి పరికరం లెక్కించవచ్చు. 20 ఎంబీపీఎస్ లింకుకు 19. కింది అంతస్తులో వాయిస్, వీడియో, వ్యాపార అప్లికేషన్లు, డిఫాల్ట్. షేపర్ 19 దగ్గర ఆపుతుంది కాబట్టి రద్దీ ఇప్పుడు మీ రూటరులోనే పుడుతుంది, క్యూ మీ చేతిలో ఉంటుంది. ఏది ముందు వెళ్లాలో, ఏది పడిపోవాలో మీరు నిర్ణయిస్తారు. కింది అంతస్తు శాతాలన్నీ ఇప్పుడు 19లో శాతాలు.

షేపర్ చర్యలో ఇంకో అంకెను కూడా వదిలేయకండి. షేపర్ ఒక కాలపు తునకకు ఇన్ని బిట్లు అని పంచి పంపుతుంది. తునక 125 మిల్లీసెకన్లయితే 19 ఎంబీపీఎస్‌కు 23,75,000 బిట్లు. గిగాబిట్ పోర్టు వాటిని రెండున్నర మిల్లీసెకన్లలోపే కక్కేసి, మిగతా 122 మిల్లీసెకన్లు నోరు మూసుకుని కూర్చుంటుంది. ఆ నిశ్శబ్దంలో వచ్చిన వాయిస్ ప్యాకెట్ గతి ఆలోచించండి. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన జీ.114 సిఫారసు మంచి సంభాషణకు ఒక దిశలో మొత్తం ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలంటుంది. అందులో చాలా భాగం ఒక్క చోటే కరిగిపోతుంది. తునకను 10 మిల్లీసెకన్లు చేయండి, అంటే 1,90,000 బిట్లు. ఇదీ చరరాశే: షేపింగ్ వేగం భాగించు 100.

ఇప్పుడు వాయిస్‌కు మీరు ఇచ్చిన 6 ఎంబీపీఎస్. దీనిలో శాతం కూడా సరికాదు, స్థిరమైన అంకె కూడా సరికాదు అని నా అభిప్రాయం. వాయిస్ అవసరం లింకు పెద్దదైతే పెరగదు, మనుషులు పెరిగితే పెరుగుతుంది. జీ.711 కోడెక్‌లో (గొంతును అంకెలుగా మార్చే పద్ధతి) 20 మిల్లీసెకన్ల ప్యాకెట్‌కు 160 బైట్ల గొంతు, 40 బైట్ల హెడర్లు, ఈథర్‌నెట్ ఫ్రేముకు 18 బైట్లు. మొత్తం 218 బైట్లు, సెకనుకు 50 సార్లు, అంటే కాల్‌కు 87.2 కేబీపీఎస్. టన్నెల్ ఉన్నచోట ఇంకా పెరుగుతుంది. ఇరవై కాల్స్‌కు 1.75 ఎంబీపీఎస్ దాటదు. మీ ఆరు ఎంబీపీఎస్ 20 లింకు మీద వృథా మాత్రమే. 10 లింకు మీద అరవై శాతం, అంటే మిగతా అందరి నోటిదగ్గరి కూడు లాక్కోవడం. ప్రాధాన్య క్యూ మొత్తం లింకులో మూడో వంతు దాటకూడదన్న పాత సూత్రాన్ని నేను ఇప్పటికీ పాటిస్తాను. శాఖల పట్టికలో 'గరిష్ఠ కాల్స్' అని ఇంకో నిలువు గడి పెట్టి, దాన్ని కాల్ బరువుతో గుణించి నింపండి. అదే అంకెను ఫోన్ సర్వరులో కాల్స్ పరిమితిగా కూడా పెట్టాలి. ఇది మాత్రం దాటవేయకండి. ఇరవై కాల్స్‌కు చోటిచ్చిన క్యూలోకి రద్దీ వేళ ఇరవై ఒకటో కాల్ వస్తే ఆ ఒక్క కాల్ చెడదు. క్యూకు ఏ ప్యాకెట్ ఎవరిదో తెలియదు, ఇరవై ఒక్కరి మాటలూ చెడతాయి.

క్లాసుల సంఖ్య గురించి ఒక మాట. ఆర్ఎఫ్‌సీ 4594 పన్నెండు సర్వీసు తరగతులు వివరిస్తుంది. చదవండి, కానీ పన్నెండుతో మొదలుపెట్టకండి. ఐదు చాలు. ఆ ఐదోది బ్యాకప్: దానికి సొంత క్లాసు ఇచ్చి డీఎస్‌సీపీ 8 ముద్ర వేసి, డిఫాల్ట్ కంటే కింద పెట్టండి. కాల్ సంకేతాలకు (కాల్ కలపడానికి, ముగించడానికి వెళ్లే సందేశాలు) ప్రాధాన్య క్యూ అక్కర్లేదు, హామీ ఉన్న చిన్న వాటా చాలు. మీరు వ్యాపార అప్లికేషన్ల క్లాసులో చేర్చినా నాకు అభ్యంతరం లేదు.

ఉమ్మడి కాంపొనెంట్‌లో ఉన్న ప్రమాదం కూడా చెప్పకపోతే తప్పవుతుంది. మునుపు ఒక మార్పుకు 38 చోట్ల చేయి పెట్టాలి. ఇక మీదట ఒక తప్పు 38 చోట్లకు ఒకేసారి వెళ్తుంది. వాడుకలో ఉన్న క్లాసును తెరిచి దిద్దకండి. నకలు తీసి, పేరు చివర సంచిక సంఖ్య వేసి, ప్రయోగ పాత్ర ఉన్న రెండు శాఖలకు పంపి, ఒక మధ్యాహ్నం గడిచాక మిగతావాటిని కొత్తదానికి మార్చండి. తీసేసేటప్పుడు వరుస తిరగేయాలి: ముందు ఇంటర్‌ఫేసు నుంచి పాలసీ, తర్వాత పాలసీ, చివర క్లాసు. వాడుకలో ఉన్న క్లాసును తొలగించడానికి చాలా రూటర్లు ఒప్పుకోవు. సాఫ్ట్‌వేర్ ఆ నిరాకరణను సరిగా చదవకపోతే తన దగ్గర చెరిపేసి, రూటరులో వదిలేస్తుంది.

గమనిక

చిన్న హెచ్చరిక. ఆ 2 శాతం గ్రాఫును సరిచేయాలని రూటరు ఇంటర్‌ఫేసు మీద బ్యాండ్‌విడ్త్ విలువను 20 ఎంబీపీఎస్‌గా రాయాలనిపిస్తుంది. అది పోర్టు వేగాన్ని మార్చదు, కానీ చాలా రూటర్లలో ఓఎస్‌పీఎఫ్ (ట్రాఫిక్ ఏ దారిన వెళ్లాలో ఎంచే పద్ధతి) ఆ విలువతోనే దారి ఖర్చు లెక్కిస్తుంది. ఆ లెక్కకు ఆధారంగా తీసుకునే ప్రామాణిక విలువ 100 ఎంబీపీఎస్‌గా ఉన్నచోట ఆ లింకు ఖర్చు 1 నుంచి 5కు మారుతుంది. రెండో లింకు ఉన్న శాఖలో ట్రాఫిక్ మొత్తం పట్టపగలు దారి మార్చుకోవచ్చు. గ్రాఫు కోసమైతే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోనే ఆ ఇంటర్‌ఫేసు వేగాన్ని చేత్తో నింపండి. రూటరును ముట్టుకోకండి.

వాహిని

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

117 కాంపొనెంట్లు 14 అయ్యాయి. పాత్రలు రెండే. శాఖల పట్టికలో ఒప్పంద వేగం, గరిష్ఠ కాల్స్, టన్నెల్ ఉందా లేదా అన్న మూడు గడులు. మొదట రెండు శాఖలకు పంపి, మధ్యాహ్నం రెండు గంటలకు రూటరు ముందు కూర్చున్నాను. బ్యాకప్ క్లాసులో ప్యాకెట్లు పడిపోవడం మొదలైంది, వేలల్లో. వాయిస్‌లో సున్నా. మొదటిసారి చూసిన సున్నాకూ దీనికీ ఎంత తేడా! ల్యాప్‌టాప్ కాల్స్ కూడా ఇప్పుడు వాయిస్ క్లాసుకే తగులుతున్నాయి; ఫోన్ లాగ్‌లోని సంఖ్యతో రోజూ సరిపోల్చుతున్నాను. బ్యాకప్ ముగియడానికి మునుపటికంటే నలభై నిమిషాలు ఎక్కువ పడుతోంది. ఆ బృందానికి ముందే చెప్పాను, ఒప్పుకున్నారు.

తర్వాత దశలవారీగా 38కీ పంపాను. 37 శాఖల్లో కాల్స్ నిలకడగా ఉన్నాయి. ఒక్క 22వ శాఖలో మాత్రం ఇంకా తెగుతున్నాయి. దాని ఒప్పంద వేగం 20, షేపింగ్ 19, మిగతావాటిలాగే. లెక్కలు మళ్లీ మళ్లీ చూశాను: వాయిస్ క్లాసుకు ప్యాకెట్లు సరిగ్గా తగులుతున్నాయి, పడిపోయినవి సున్నా.

సేతువు

మీ రూటరులో పడకుండా దారిలో పడుతున్నాయంటే మళ్లీ మొదటి సమస్యే. హద్దు మీరు అనుకున్నచోట లేదు. ఆ లింకుకు తమ పరికరంలో ఎంత వేగం అమర్చారో సర్వీసు ఇచ్చేవారిని రాతపూర్వకంగా అడగండి. ఒప్పందం కాగితం చూడమని కాదు, అమరిక చూడమని అడగండి.

వాహిని

జవాబు వచ్చింది. వారి పరికరంలో 15 అని ఉంది. సరిచేయడానికి పది పనిరోజులు పడుతుందట.

సేతువు

అంతవరకు పట్టికలో 22వ శాఖ వరుసలో 20 కొట్టేసి 15 రాసి పంపండి. షేపింగ్ 14.25కు తనే దిగుతుంది. కాంపొనెంట్లలో దేన్నీ ముట్టుకోవలసిన పని లేదు.

వాహిని

పంపాను. రెండుంపావు అయింది, బ్యాకప్ నడుస్తోంది. 22వ శాఖకు ఫోన్ చేసి ఐదు నిమిషాలు మాట్లాడాను. ఒక్క మాట కూడా తెగలేదు.